డబుల్ బ్రిడిల్ వేసినప్పుడే గుర్రం మొరాయిస్తుంటే: సమస్య - పరిష్కారం

డబుల్ బ్రిడిల్ అనే కళ్ళెంలో ఒకే నోట్లో రెండు బిట్లు (గుర్రం నోట్లో పెట్టే కడ్డీలు) ఉంటాయి: పైన సన్నని బ్రాడూన్, దాని కింద కర్బ్ చైన్‌తో (గడ్డం కింద ఆనే గొలుసుతో) పనిచేసే వేమౌత్. కింది లక్షణాలు మామూలు స్నాఫిల్‌తోనూ (ఒకే బిట్ ఉన్న కళ్ళెంతోనూ) కనిపిస్తే బిట్లు మార్చకుండా, ముందుగా పశువైద్యుని చేత పళ్ళు చూపించాలి.

సమస్య: నాలుకను వెనక్కి లాక్కోవడం, బిట్ మీదుగా వేయడం, నోరు తెరవడం.
కారణం: చాలావరకు నోట్లో చోటు చాలకపోవడమే. పక్కనుంచి పెదవులు మెల్లగా విడదీసి చూడండి. నోరు మూసి ఉండగానే నాలుక దవడల మధ్యనుంచి పక్కకు ఉబికి వస్తుంటే, అలాంటి నోట్లో రెండు లావు బిట్లు పట్టవు.
పరిష్కారం: బిట్ ఎంత లావైతే అంత మృదువన్న నమ్మకం ఇక్కడ చేటు చేస్తుంది. అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య (ఎఫ్‌ఈఐ) డ్రెస్సాజ్ (గుర్రం శిక్షణను, కదలికలను పరీక్షించే పోటీ) నియమాల ప్రకారం బ్రాడూన్ కనీసం 10 మి.మీ., వేమౌత్ కనీసం 12 మి.మీ. మందం ఉండాలి కాబట్టి, ఇరుకు నోటికి ఆ కొలతలకు దగ్గరగా ఉన్నవే ఎంచుకోవడం మేలు. వేమౌత్ నడుమ వెడల్పైన, ఎత్తు తక్కువ పోర్ట్ (పైకి లేచిన వంపు) ఉంటే నాలుకకు ఊపిరాడుతుంది. ఎత్తైన పోర్ట్ మాత్రం, అంగిలి కిందికి ఉన్న గుర్రాలకు పైన తగిలి మరింత బాధిస్తుంది. సన్నని బిట్ మొరటు చేతిలో పదునెక్కుతుంది గనుక, చెయ్యి నిలకడగా లేని రౌతుకు డబుల్ బ్రిడిల్ ఇవ్వకూడదని నా అభిప్రాయం.

సమస్య: పెదవుల మూలలు ఒరుసుకుపోవడం, తల ఒక పక్కకు వంచడం.
కారణం: బ్రాడూన్ ఇరుకై నొక్కడం, లేదా వేమౌత్ వదులై పక్కకు జరిగి పోర్ట్ నడుమ నిలవకపోవడం.
పరిష్కారం: వేమౌత్ నొక్కకుండా పెదవులను ఆనుకొని ఉండాలి, బ్రాడూన్ దానికంటే అర సెంటీమీటరు వెడల్పు ఎక్కువ ఉంటే సరిపోతుంది.

సమస్య: కర్బ్ పగ్గం (వేమౌత్‌కు కట్టే పగ్గం) తాకగానే గడ్డం ఛాతీకి ముడుచుకోవడం.
కారణం: చైన్ బిగుతు, లేదా షాంక్ (వేమౌత్ పక్కన కిందికి దిగే, పగ్గం కట్టే కడ్డీ) పొడవు.
పరిష్కారం: చైన్ లింకులు మెలిపడకుండా గడ్డం కింది గాడిలో పరచుకోవాలి, పగ్గం పట్టినప్పుడు షాంక్ సుమారు 45 డిగ్రీలు తిరిగాకే అది బిగియాలి. షాంక్‌కు నియమం 10 సెం.మీ. వరకు అనుమతించినా, కొత్తగా అలవాటు చేసే గుర్రానికి 5 సెం.మీ. షాంక్‌తో మొదలుపెట్టండి.

సమస్య: రెండు బిట్లు ఒకదానితో ఒకటి కొట్టుకోవడం.
పరిష్కారం: బ్రాడూన్‌ను పెదవి మూలలో చిన్న ముడత పడేంత పైకి, వేమౌత్‌ను దాని కింద, కోరపన్నుకు తగలనంత ఎత్తులో అమర్చండి. ఈ సర్దుబాట్లన్నిటిలోనూ ముక్కుపట్టీ కింద, ముక్కు ఎముక మీద రెండు వేళ్ళు దూరేంత వదులు ఉండాలి. బిగించి కట్టిన నోరు తెరుచుకోదు గనుక అసలు ఇబ్బంది మీ కంటపడదు.