ఎస్‌క్యూలైట్ నుంచి ఒక్క పేరే వస్తోందా? కర్సర్ చూడండి

ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్‌లో ఉండే చిన్న డేటాబేస్)లో క్వెరీ, అంటే డేటా అడిగే ఆదేశం, ఖాళీగా వచ్చిందంటే చాలామంది ముందు క్వెరీనే తిరగరాస్తారు. దయచేసి ముందు ఫైల్ పాత్ చూడండి. పైథాన్‌లో డేటాబేస్ తెరిచే కనెక్ట్‌కి ఇచ్చిన పేరుతో ఆ ఫోల్డర్‌లో ఫైల్ లేకపోతే, ఎస్‌క్యూలైట్ అక్కడ ఎర్రర్ ఇవ్వదు, కొత్త ఖాళీ ఫైల్ తయారుచేస్తుంది. టేబుల్ లేకపోతే తయారుచేసే లైన్ మీ ప్రోగ్రామ్‌లో ఉంటే, ఖాళీ టేబుల్ తయారై క్వెరీ కూడా ఖాళీగానే వస్తుంది. డెస్క్‌టాప్ షార్ట్‌కట్ నుంచి నడిపితే పని ఫోల్డర్ మారిపోవచ్చు. ‘ప్రాగ్మా డేటాబేస్_లిస్ట్’ అనే ఆదేశం నడిపితే ఏ ఫైల్ తెరుచుకుందో పూర్తి పాత్‌తో చూపిస్తుంది. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇక్కడే తేలిపోతాయి.

పాత్ సరిగ్గానే ఉంది, కానీ లూప్ మొదటి పేరు దగ్గరే ఆగిపోతోందా? పలాసలో ఒక జీడిపప్పు యూనిట్‌కి కూలి లెక్కల ప్రోగ్రామ్ రాసినప్పుడు ఇదే నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. శనివారం చెల్లింపు. పొట్టు తీసేవాళ్లు 14 మంది, లిస్టులో ఒక్కరే. ఎర్రర్ లేదు. డేటాబేస్ తెరిచి చూస్తే 14 పేర్లూ ఉన్నాయి. అవతల జనం డబ్బుల కోసం నిలబడి ఉన్నారు, నాకు ఒకటే టెన్షన్.

కారణం ఇది. పేర్ల క్వెరీ మీద లూప్ తిరుగుతుండగా, లోపల ఒక్కొక్కరి కిలోల మొత్తం కోసం అదే కర్సర్‌తో (క్వెరీ నడిపి, ఫలితాన్ని వరుసలుగా అందించేది) మళ్లీ ఎగ్జిక్యూట్ చేశాను, అంటే ఇంకో క్వెరీ నడిపాను. ఒక కర్సర్ ఒకసారికి ఒక్క క్వెరీ ఫలితాన్నే పట్టుకుంటుంది. రెండోది నడపగానే మిగిలిన 13 పేర్లు పోయాయి. కిలోల మొత్తం ఒకే వరుస, అది ఫెచ్‌వన్ (ఒక్క వరుస తెచ్చేది) తీసేసుకుంది, లూప్ అయిపోయింది. లోపలి క్వెరీ ఎక్కువ వరుసలు ఇచ్చేదైతే ఇంకా ప్రమాదం: మిగిలిన వరుసలు బయటి లూప్‌లోకి వచ్చి, పేరు ఉండాల్సిన చోట కిలోలు కనిపిస్తాయి.

లోపలి క్వెరీకి వేరే కర్సర్ తీసుకోండి. కనెక్షన్ మీదే ఎగ్జిక్యూట్ పిలిచినా ప్రతిసారీ కొత్త కర్సరే వస్తుంది. పేర్లన్నీ ముందే ఫెచ్‌ఆల్‌తో (అన్ని వరుసలూ ఒకేసారి తెచ్చేది) లిస్టులో పెట్టుకున్నా సరే. నేనైతే ఇప్పుడు లెఫ్ట్ జాయిన్ (రెండు టేబుళ్లు కలిపేది), గ్రూప్ బై (ఒక్కొక్కరికి విడిగా మొత్తం కట్టేది) కలిపి ఒకే క్వెరీ రాస్తున్నాను. లెఫ్ట్ ఎందుకంటే, ఆ వారం పనికి రాని మనిషి పేరు కూడా లిస్టులో ఉండాలి.

ఫెచ్‌ఆల్ రెండోసారి పిలిస్తే ఖాళీ లిస్టు రావడం మామూలే, మొదటిసారే వేరియబుల్‌లో దాచుకోండి. ఒక ప్రోగ్రామ్‌లో ఎక్కించింది ఇంకోదానిలో కనపడకపోతే కమిట్ (మార్పుల్ని ఫైల్‌లో ఖాయం చేసేది) మరిచిపోయి ఉంటారు. ఫైల్ పాడవడం అరుదు. అనుమానం ఉంటే ‘ప్రాగ్మా ఇంటెగ్రిటీ_చెక్’ నడపండి, ఓకే అని వస్తే మళ్లీ మీ కోడ్ దగ్గరికే రండి.