నోడ్ జేఎస్ నేర్చుకుందాం – 7: అర్రేలో ఆ విలువ ఉందా?

అర్రేలోకి విలువలు చేర్చడం, తీసేయడం గత పాఠంలో చూశాం. ఇప్పుడు వెతుకుదాం.

పాత కోడ్‌లో దీనికి ఇండెక్స్‌ఆఫ్ కనిపిస్తుంది. అది విలువ ఉన్న స్థానాన్ని ఇస్తుంది, దొరక్కపోతే -1 ఇస్తుంది. దాన్ని నేరుగా ఇఫ్‌లో పెట్టారో, తలకిందులే: మొదటి స్థానంలో దొరికితే వచ్చే 0 ఫాల్స్ కింద లెక్క, దొరకనప్పుడు వచ్చే -1 ట్రూ కింద లెక్క. ఉందా లేదా అన్నదే కావాలంటే ఇంక్లూడ్స్ వాడండి. జావాస్క్రిప్ట్ 2016 ప్రమాణంలో వచ్చింది, నోడ్ 6 నుంచీ ఉంది. నిజానికి కంటెయిన్స్ అని పేరు పెట్టబోయారు. మూటూల్స్ లైబ్రరీలో అప్పటికే అదే పేరు ఉండటంతో దాన్ని వాడిన పాత సైట్లు చెడిపోయాయి, పేరు మార్చక తప్పలేదు.

[5, 12, 40].ఇంక్లూడ్స్(12) ట్రూ ఇస్తుంది. అదే 12 ఎక్స్‌ప్రెస్‌లో (నోడ్‌తో వెబ్ సర్వర్లు రాసే ఫ్రేమ్‌వర్క్) యూఆర్ఎల్ నుంచి వస్తే ఫాల్స్! ఎందుకంటే పారమ్స్‌లో (యూఆర్ఎల్ దారిలోని విలువలు) వచ్చేది "12" అనే స్ట్రింగ్. ఇంక్లూడ్స్ టైపు మార్చి పోల్చదు. ముందు నంబర్("12") అని మార్చుకోండి. పార్స్‌ఇంట్ వద్దు, "12అబక"ను కూడా 12 అనేస్తుంది. నంబర్‌లోనూ ఒక మెలిక ఉంది: ఖాళీ స్ట్రింగ్ 0 అవుతుంది.

ఇంతకంటే ప్రమాదకరమైనది క్వెరీ, అంటే యూఆర్ఎల్‌లో ? తర్వాతి భాగం. రోల్ అన్న పేరు రెండుసార్లు వస్తే ఎక్స్‌ప్రెస్ అర్రే ఇస్తుంది, ఒక్కసారే వస్తే ఉత్త స్ట్రింగ్. స్ట్రింగ్‌కీ ఇంక్లూడ్స్ ఉంది, కానీ అది ముక్కను వెతుకుతుంది. "సబ్‌అడ్మిన్".ఇంక్లూడ్స్("అడ్మిన్") ట్రూ! ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ కనపడదు. అందుకే అర్రే.ఈజ్‌అర్రేతో చూసి, కాకపోతే ఆ విలువను [ ]లో పెట్టాకే వెతకండి.

ఆబ్జెక్టుల అర్రేలో ఇంక్లూడ్స్ పనికిరాదు. లోపలి విలువలు ఒకటే అయినా విడివిడిగా తయారైన రెండు ఆబ్జెక్టులు సమానం కావు. అక్కడ సమ్ (some) వాడి, షరతు మీరే రాయండి: యూజర్లు.సమ్(యూ => యూ.ఐడీ === 12). మాంగోడీబీ డేటాబేస్‌లో రికార్డులను గుర్తించే ఆబ్జెక్ట్‌ఐడీలదీ ఇదే గొడవ, సమ్ లోపల ఈక్వల్స్‌తో పోల్చాలి.

వేల విలువల జాబితాను ప్రతి రిక్వెస్టుకీ వెతకాల్సి వస్తే సెట్‌గా (ఒక్కో విలువ ఒక్కసారే ఉండే సమూహం) మార్చి హ్యాజ్ వాడండి. ఆ సెట్‌ను హ్యాండ్లర్ (రిక్వెస్టుకు జవాబిచ్చే ఫంక్షన్) బయట ఒక్కసారే తయారు చేయాలి. లోపల చేస్తే ప్రతిసారీ అర్రే మొత్తం తిరిగినట్టే, లాభం సున్నా.

అభ్యాసం: 1 ఇన్ [5, 12, 40] ట్రూ, 12 ఇన్ [5, 12, 40] ఫాల్స్. ఎందుకు? ఇన్ వెతికేది విలువనా, స్థానాన్నా? టెర్మినల్‌లో నోడ్ తెరిచి, అర్రేలోని అంకెలు మార్చి చూడండి.