తొలకరికి ముందు సెల్లారు డ్రాయింగుల్లో సరిచూసుకోవలసినవి

హైదరాబాదుకు మామూలుగా జూన్ రెండో వారానికల్లా నైరుతి రుతుపవనాలు వస్తాయి. ఆ సమయానికి సెల్లారు తవ్వకం పూర్తయి, గోడలు ఇంకా నేలమట్టానికి రాని సైట్లు ఏ స్ట్రక్చరల్ డిజైన్ ఆఫీసు చేతిలోనైనా ఒకటి రెండు ఉండనే ఉంటాయి. మన లెక్కలన్నీ పూర్తయిన భవనానికి చేసినవి కాబట్టి, సగంలో ఉన్న కట్టడం ఆ వానను తట్టుకుంటుందో లేదో మే నెలలోనే విడిగా సరిచూసుకోవాలి.

ముందుగా సాయిల్ రిపోర్టు తీసి, మట్టి పరీక్షకు బోరు ఏ నెలలో వేశారో చూడాలి. ఏప్రిల్‌లో వేసిన బోరుకు "భూగర్భ జలం తగలలేదు" అని రాస్తే అది అబద్ధం కాదు, కానీ ఆగస్టుకు అది వర్తించదు. ఇక్కడ చాలాచోట్ల పైన మొరం, కింద గ్రానైటు రాయి ఉంటాయి. రాతిలోకి నీరు సులువుగా ఇంకదు కనుక, గోడకూ తవ్వకం అంచుకూ మధ్య వదులుగా నింపిన మట్టిలోకి దిగిన వాననీరు తొట్టిలో నిలిచినట్టు అక్కడే నిలుస్తుంది. అందుచేత రిపోర్టులో నీటిమట్టం ఎంత లోతున ఉన్నా, సెల్లారు గోడలకూ రాఫ్టుకూ (భవనం కింద అంతటా పరిచే పునాది పలకకూ) నేలమట్టం దాకా నీరున్నట్టు భావించి లెక్క చేయడమే మంచిదని నా అభిప్రాయం.

దీనివల్ల తేడా ఎంత వస్తుందో 4 మీటర్ల గోడతో చూద్దాం. ఘనమీటరుకు 18 కిలోన్యూటన్ల (సుమారు 1.8 టన్నుల) పొడి మట్టి, మూడింట ఒక వంతు పీడన గుణకం (మట్టి బరువులో గోడను పక్కకు తోసే వంతు) తీసుకుంటే మీటరు పొడవు గోడ మీద పడే బలం 48 కిలోన్యూటన్లు. అదే మట్టి నీటితో నిండిపోతే, నీటిలో మునిగి బరువు తగ్గిన మట్టి నుంచి సుమారు 27, నీటి నుంచి 80, మొత్తం 107 కిలోన్యూటన్లు అవుతుంది. అంటే రెట్టింపు దాటింది. వీప్ హోల్స్ (నీరు బయటికి పోయేందుకు గోడలో వదిలే రంధ్రాలు) ఇచ్చాం కదా అని ధీమా పడకూడదు, ఎందుకంటే వాటి వెనుక కంకర పొర లేకపోతే మొదటి వానకే మట్టి చేరి అవి మూసుకుపోతాయి.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. సెల్లారు గోడను చాలాసార్లు పైన స్లాబు ఆనిక ఉంటుందన్న లెక్కతో డిజైన్ చేస్తాం. వాన ముంచుకొస్తోందని కాంట్రాక్టరు స్లాబు వేయకముందే వెనుక మట్టి నింపితే, ఆ ఆనిక లేని గోడ కింది నుంచి మాత్రమే నిలబడాల్సి వస్తుంది, దానికి కావలసిన స్టీలు అందులో ఉండదు. "స్లాబు వేసి, కాంక్రీటు తగిన బలానికి వచ్చేవరకు వెనుక మట్టి నింపరాదు" అన్న మాటను జనరల్ నోట్సులో పదిహేడో అంశంగా కాకుండా గోడ సెక్షన్ (నిలువుకోత బొమ్మ) పక్కనే పెద్ద అక్షరాలతో రాయాలి. మేస్త్రీ చూసేది ఆ సెక్షనునే.

భూగర్భ నీటి ట్యాంకుల విషయంలో నేనొకసారి దెబ్బ తిన్నాను. ఒక ఆదివారం ఉదయం సైటు నుంచి ఫొటో వచ్చింది: ఖాళీ సంపు ఒక మూల జానెడు పైకి లేచి ఉంది, దానికి కలిపిన పైపు మెడ విరిగినట్టు వంగి ఉంది. చుట్టూ 3 మీటర్ల నీరు నిలిస్తే అడుగు పలక మీద చదరపు మీటరుకు దాదాపు 3 టన్నుల ఎత్తుడు బలం పడుతుంది. 300 మిల్లీమీటర్ల పలక బరువు ముప్పావు టన్నే కాబట్టి గోడలు, పైకప్పు, వెలుపలికి చాచిన అడుగు మీది మట్టి కలిసి మిగిలినది మోయాలి. పైకప్పు వేయనిదీ మట్టి నింపనిదీ అయిన సంపుకు ఆ బరువే ఉండదు. కాబట్టి వానల్లో దాన్ని ఖాళీగా ఉంచరాదని, చుట్టూ నిలిచిన నీటిని తోడే పంపు ఆగిపోతే సంపు లోపలికి నీరు వదలాలని రాతపూర్వకంగా చెప్పాలి.

తవ్వకం అంచున మట్టి కుప్పలు, స్టీలు కట్టలు, మిక్సర్లు పెట్టనివ్వకూడదు. మీటరు ఎత్తు మట్టి కుప్ప చదరపు మీటరుకు 1.8 టన్నుల అదనపు భారం. పక్క ఇంటి పునాది మన తవ్వకం అడుగుకన్నా పైన ఉంటే, వానకు ముందే ఆ ఇంటి పగుళ్లకు తేదీతో ఫొటోలు తీయించి, ఇంటివారితో సంతకం చేయించుకోవాలి.

స్లాబు గట్టిపడేదాకా కింద ఆనించే సెంట్రింగ్ ప్రాపులు కొత్తగా నింపిన మట్టి మీద నిలబెడితే, తడికి అవి దిగుతాయి. గట్టి నేలపై పలకలు పరచి పెట్టించాలి. కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఆర్డినరీ పోర్ట్‌లాండ్ సిమెంటుకు 4.5 మీటర్ల లోపు స్పాన్ (ఆనికల మధ్య దూరం) ఉన్న స్లాబు ప్రాపులు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉండాలి. ఫ్లైయాష్ కలిసిన సిమెంటు వాడితే ఈ గడువు పెంచుకోవాలి.

ఇక పంపుల సంగతి. పెద్ద వాన పడిన రాత్రే కరెంటు పోతుంది కనుక ఒకటి డీజిలుతో నడిచేది ఉండాలి. దాన్ని ఎవరు నడుపుతారో, ఆయన సైటులోనే పడుకుంటాడో లేదో జూన్ మొదటి రోజున ఫోను చేసి అడగండి.