పబ్లిష్ నొక్కినా సైట్ మారట్లేదా? వెబ్‌హుక్ డిప్లాయ్‌లో లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

హెడ్‌లెస్ సీఎంఎస్‌లో (వ్యాసాలు రాసి దాచే చోటు ఒకటి, పాఠకుడు చూసే సైట్ వేరొకటి ఉండే ఏర్పాటులో) రాసేవాళ్లకి కనిపించేది పబ్లిష్ బటన్ ఒక్కటే. దాని వెనక నాలుగు పనులు వరసగా జరగాలి. సీఎంఎస్ వెబ్‌హుక్ (ఇక్కడ మార్పు జరిగిందని ఇంకో సర్వీసుకి దానంతటదే వెళ్లే కబురు) పంపాలి, అవతలి సర్వీసు దాన్ని ఒప్పుకోవాలి, బిల్డ్ (సైట్ పేజీలను మళ్లీ తయారుచేసే పని) మొదలై కొత్త కంటెంట్ తెచ్చుకోవాలి, తయారైన పేజీలు పాఠకుడి బ్రౌజర్ దాకా చేరాలి. వీటిలో ఎక్కడ ఆగినా ఎడిటర్ నుంచి వచ్చే ఫోన్ ఒకటే: "సైట్‌లో రాలేదండీ."

ఆ మాట వినగానే సెట్టింగులు మార్చడం మొదలుపెట్టొద్దు. ముందు రెండు టైమ్‌లు రాసుకోండి: ఎడిటర్ పబ్లిష్ నొక్కిన టైమ్, చివరి బిల్డ్ మొదలైన టైమ్. నొక్కిన తర్వాత బిల్డే లేకపోతే లోపం హుక్ వైపు ఉంది. బిల్డ్ ఉండి ఫెయిలైతే దాని లాగ్ చూడాలి. బిల్డ్ బాగానే ముగిసి పేజీ పాతదే ఉంటే కంటెంట్ తెచ్చుకునే చోటో, కాష్‌లోనో (వేగం కోసం దాచి ఉంచిన కాపీలో) వెతకాలి. ఈ ఒక్క విభజనతోనే సగం టెన్షన్ పోతుంది. కింద రాసినవన్నీ ఈ క్రమంలోనే ఉన్నాయి. ఉదాహరణలకి స్ట్రాపి, కంటెంట్‌ఫుల్, శానిటీ అనే సీఎంఎస్‌లు తీసుకున్నాను. బిల్డ్ వైపు గిట్‌హబ్ యాక్షన్స్, నెట్లిఫై, వర్సెల్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్.

పబ్లిష్ నొక్కారు, బిల్డే మొదలవలేదు

కంటెంట్‌ఫుల్ అయితే ప్రతి వెబ్‌హుక్‌కీ యాక్టివిటీ లాగ్ ఉంటుంది. ఏం పంపింది, ఏ జవాబు వచ్చింది అన్నీ అందులో కనిపిస్తాయి. స్ట్రాపిలో టెస్ట్ చేయడానికి ట్రిగ్గర్ బటన్ ఉంది. అది నొక్కితే అవతలివైపు నుంచి వచ్చిన స్టేటస్ కోడ్ (పని అయిందో లేదో చెప్పే 204, 404 లాంటి అంకె) చూపిస్తుంది.

లాగ్‌లో అసలు ఎంట్రీయే లేదంటే సీఎంఎస్ హుక్ పంపలేదన్నమాట. ఎక్కువసార్లు కారణం ఈవెంట్ ఎంపికలో ఉంటుంది. స్ట్రాపిలో ఒక కంటెంట్ టైప్‌కి డ్రాఫ్ట్ అండ్ పబ్లిష్ ఆఫ్ చేసి ఉంటే, ఆ టైప్‌కి పబ్లిష్ ఈవెంట్ ఎప్పటికీ రాదు. క్రియేట్, అప్‌డేట్, డిలీట్ మాత్రమే వస్తాయి. వ్యాసాలకి హుక్ పని చేసి, రచయితల పేజీకో మెనూకో పని చేయకపోతే ముందు ఇదే చూడండి. స్ట్రాపిలో యూజర్ అనే టైప్‌కి వెబ్‌హుక్‌లు అసలు పని చేయవు, కాబట్టి రచయితల వివరాలు అందులో పెట్టుకోకుండా వేరే టైప్ చేసుకోవడం మంచిది. కంటెంట్‌ఫుల్‌లో అయితే ఎన్విరాన్‌మెంట్ ఫిల్టర్ చూడాలి. ఫిల్టర్ మాస్టర్ మీద ఉండి, ఎడిటర్ వేరే ఎన్విరాన్‌మెంట్‌లో రాస్తుంటే హుక్ కదలదు.

హుక్ వెళ్లింది, ఎర్రర్ తిరిగొచ్చింది

నెట్లిఫై, వర్సెల్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ ఇచ్చే హుక్ యూఆర్ఎల్‌లతో పెద్ద గొడవ ఉండదు. పోస్ట్ రిక్వెస్ట్ వస్తే చాలు, లోపల ఏ జేసన్ (రిక్వెస్ట్‌తో వెళ్లే డేటా రూపం) ఉన్నా బిల్డ్ మొదలుపెడతాయి. 404 వస్తే ఎవరో ఆ హుక్‌ని డిలీట్ చేశారనో, కాపీ చేసినప్పుడు చివరి అక్షరం జారిపోయిందనో అనుకోవచ్చు. కొత్తది చేసి అతికించండి.

గిట్‌హబ్ యాక్షన్స్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. బయటినుంచి వర్క్‌ఫ్లోని (రిపాజిటరీలో, అంటే కోడ్ దాచే చోట, రాసిపెట్టిన పనుల వరసని) నడపడానికి రిపాజిటరీ డిస్పాచ్ అనే ఏపీఐ ఉంది. అది జేసన్‌లో ఈవెంట్ టైప్ అనే ఫీల్డ్ తప్పకుండా ఉండాలంటుంది. స్ట్రాపి పంపే జేసన్‌లో ఈవెంట్, మోడల్, ఎంట్రీ లాంటివి ఉంటాయి గానీ ఈవెంట్ టైప్ ఉండదు. అడ్మిన్ స్క్రీన్‌లో హెడర్‌లు చేర్చుకోవచ్చు, జేసన్ రూపం మార్చుకోలేం. అందుకే స్ట్రాపి నుంచి గిట్‌హబ్‌కి నేరుగా పెట్టిన హుక్‌కి 422 తిరిగొస్తుంది. టోకెన్ (గిట్‌హబ్ ఇచ్చే అనుమతి కీ) ఎన్నిసార్లు మార్చినా ఈ 422 పోదు. మధ్యలో ఒక చిన్న సర్వర్‌లెస్ ఫంక్షన్ పెట్టి, స్ట్రాపి రిక్వెస్ట్ అందుకుని సరైన జేసన్‌తో గిట్‌హబ్‌కి పంపించడమే దారి. కంటెంట్‌ఫుల్‌లో పేలోడ్‌ని (పంపే జేసన్‌ని) మనకి కావాల్సినట్టు రాసుకోవచ్చు, శానిటీలో ప్రొజెక్షన్‌తో అదే పని అవుతుంది. వాటికి మధ్యవర్తి అక్కర్లేదు.

గిట్‌హబ్ నుంచి 404 వచ్చిందంటే రిపో పేరు తప్పని మాత్రమే కాదు. టోకెన్‌కి ఆ రిపో మీద హక్కు లేకపోయినా 404 ఇస్తుంది. ఫైన్‌గ్రెయిన్డ్ టోకెన్ అయితే కంటెంట్స్ మీద రైట్ అనుమతి ఉండాలి. నిన్నటిదాకా పని చేసి ఇవాళ 401 వస్తుంటే టోకెన్ గడువు తీరిపోయి ఉంటుంది. గడువు తేదీని టీమ్ క్యాలెండర్‌లో పెట్టుకోండి.

ఇంకొకటి, 204 వచ్చినా ఏమీ నడవకపోవడం. 204 అంటే గిట్‌హబ్ మీ మాట విన్నదని మాత్రమే. వర్క్‌ఫ్లో ఫైల్ డిఫాల్ట్ బ్రాంచ్‌లో లేకపోతే అది నడవదు, ఎర్రర్ కూడా రాదు. వేరే బ్రాంచ్‌లో రాసి టెస్ట్ చేస్తున్నవాళ్లకి ఇది తరచూ ఎదురవుతుంది. ముందు మెయిన్‌లోకి మెర్జ్ చేయండి. ఫైల్‌లో రాసిన టైప్ పేరూ, పంపుతున్న ఈవెంట్ టైపూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో కూడా చూడండి.

తెలుగు వ్యాసాలకి మాత్రమే ఫెయిల్ అవుతోంది

దీని మీద తెలుగులో రాసినవాళ్లు తక్కువ కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. టెస్ట్ కోసం ఇంగ్లీష్‌లో ఒక ఎంట్రీ పెడితే అంతా బాగుంటుంది. నిజమైన తెలుగు వ్యాసం పెట్టగానే ఆగిపోతుంది. దీనికి మూడు చోట్ల కారణం ఉండొచ్చు.

మొదటిది సిగ్నేచర్. హుక్ నిజంగా సీఎంఎస్ నుంచే వచ్చిందో లేదో తేల్చడానికి, కంటెంట్‌ఫుల్, శానిటీ లాంటివాటిలో రహస్య కీ పెట్టుకుంటే, దాంతో బాడీ (హుక్‌లో వచ్చే డేటా) మీద లెక్కగట్టిన సంతకం హెడర్‌లో వస్తుంది. మీ ఫంక్షన్ కూడా అదే లెక్క చేసి పోల్చాలి. చాలామంది జేసన్‌ని ముందు పార్స్ చేసి, మళ్లీ టెక్స్ట్‌గా మార్చి, దాని మీద లెక్క కడతారు. పైథాన్ జేసన్ లైబ్రరీ మామూలుగా తెలుగు అక్షరాలను ఎస్కేప్ కోడ్‌లుగా మార్చేస్తుంది. యూటీఎఫ్-8లో మూడు బైట్లున్న "త" అప్పుడు ఆరు బైట్లవుతుంది. ఖాళీల తేడా రాకుండా జాగ్రత్తపడినవాళ్ల కోడ్‌లో ఇంగ్లీష్ ఎంట్రీకి సంతకం కలుస్తుంది, తెలుగుకి కలవదు. పరిష్కారం ఒకటే: వచ్చిన బాడీని ముట్టుకోకుండా, పార్స్ చేయకముందే, ముడి బైట్ల మీదే లెక్క కట్టాలి. ఎక్స్‌ప్రెస్ (నోడ్ సర్వర్ ఫ్రేమ్‌వర్క్) అయితే ఆ రూట్‌కి జేసన్ మిడిల్‌వేర్ బదులు రా (raw) మిడిల్‌వేర్ పెట్టండి.

రెండోది స్లగ్, అంటే యూఆర్ఎల్ చివర వ్యాసాన్ని గుర్తించే మాట. శీర్షిక నుంచి యూఆర్ఎల్ తయారుచేసే కోడ్ చాలాచోట్ల ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు ఉంచి మిగతావి తీసేస్తుంది. తెలుగు శీర్షికకి మిగిలేది ఖాళీ. యూనికోడ్‌ని దృష్టిలో పెట్టుకుని రాశామనుకునేవాళ్లు కూడా లెటర్ అనే వర్గాన్ని మాత్రమే ఉంచుతారు. యూనికోడ్ లెక్కలో గుణింతం గుర్తులు, పొల్లు, సున్నా లెటర్లు కావు, మార్కులు. దాంతో "తెలుగు" కాస్తా "తలగ" అవుతుంది. "గుడి" మీద ఒక వ్యాసం, "గోడ" మీద ఇంకో వ్యాసం ఉంటే రెండింటికీ "గడ" అనే స్లగ్ వచ్చి ఒక పేజీ మీద ఇంకోటి రాసుకుపోతుంది. బిల్డ్ ఫెయిల్ అవదు, ఒక వ్యాసం మాయమవుతుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో లెటర్ వర్గంతో పాటు మార్క్ వర్గాన్ని కూడా ఉంచండి. నన్నడిగితే స్లగ్‌ని ఇంగ్లీష్ లిపిలో ఎడిటర్ చేత టైప్ చేయించడమే మేలు. సీఎంఎస్‌లో ఆ ఫీల్డ్‌ని తప్పనిసరి చేసి, యూనిక్ అని పెట్టండి. తెలుగు యూఆర్ఎల్ వాట్సాప్‌లో పంపితే కనిపించే పర్సెంట్ గుర్తుల బారు కూడా తప్పుతుంది.

మూడోది ఫైల్ పేరు పొడవు. లైనక్స్‌లో ఒక ఫైల్ పేరుకి పరిమితి 255 బైట్లు. తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకి మూడు బైట్లు, అంటే 85 గుర్తులు దాటితే "ఫైల్ నేమ్ టూ లాంగ్" అని బిల్డ్ ఆగుతుంది. గుణింతాలు, ఒత్తులు కూడా విడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి పది పన్నెండు మాటల శీర్షిక చాలు దాన్ని దాటడానికి. విండోస్ లాప్‌టాప్‌లో ఇదే పేరు ఇబ్బంది పెట్టదు, ఎందుకంటే అక్కడ పరిమితి బైట్లలో లేదు. "నా దగ్గర బాగానే నడుస్తోంది" అని డెవలపర్ అంటే ఆయన చెప్పేది నిజమే. స్లగ్ పొడవుకి సీఎంఎస్‌లోనే పరిమితి పెట్టండి.

బిల్డ్ సక్సెస్ అంటోంది, పేజీ మాత్రం పాతదే

బిల్డ్ లాగ్‌లో కంటెంట్ ఎక్కడినుంచి తెచ్చుకుందో చూడండి. శానిటీకి రెండు దారులున్నాయి, ఒకటి సీడీఎన్ (కాపీలు దాచి వేగంగా అందించే సర్వర్లు) ఏపీఐ, ఇంకోటి నేరుగా. పబ్లిష్ అయిన క్షణంలోనే హుక్ వెళ్లి బిల్డ్ మొదలవుతుంది కాబట్టి, సీడీఎన్ ఇంకా పాత కాపీనే ఇవ్వొచ్చు. స్టాటిక్ బిల్డ్‌లకి సీడీఎన్ వాడకం ఆఫ్ చేయండి. బిల్డ్‌కి ఒక సారి తెచ్చుకునే డేటాకి ఆ వేగంతో పనిలేదు.

తర్వాత బిల్డ్ కాష్. ఎలెవెంటీ (సైట్ పేజీలు తయారుచేసే టూల్) ఫెచ్ ప్లగిన్ తెచ్చుకున్న డేటాని మామూలుగా ఒక రోజు దాచుకుంటుంది. ఆ ఫోల్డర్‌ని మీరు బిల్డ్‌ల మధ్య నిలబెడుతుంటే రేపటిదాకా పాత వ్యాసాలే వస్తాయి. అనుమానం తీర్చుకోవడానికి ఒకసారి కాష్ లేకుండా బిల్డ్ చేయండి. నెట్లిఫై, వర్సెల్ రెండింటిలోనూ హుక్ యూఆర్ఎల్ చివర పారామీటర్ చేర్చి ఆ పని చేయొచ్చు. తేడా తెలిశాక ఆ పారామీటర్ తీసేసి అసలు కారణాన్ని సరిచేయండి. ప్రతి బిల్డ్‌నీ కాష్ లేకుండా నడపడం సమయం దండగ.

కొత్త వ్యాసం వచ్చింది గానీ పాతది ఒకటి కనబడకుండా పోయిందంటే అది కాష్ కాదు, పేజినేషన్ (ఎంట్రీలను అన్నీ ఒకేసారి కాకుండా కొన్ని కొన్నిగా ఇవ్వడం). స్ట్రాపి అడగకపోతే 25 ఎంట్రీలే ఇస్తుంది, ఒక్క రిక్వెస్ట్‌కి మామూలుగా గరిష్ఠం 100. కంటెంట్‌ఫుల్‌లో ఇవి 100, 1000. సైట్ కొత్తగా ఉన్నప్పుడు అంతా సవ్యంగా ఉండి, 26వ వ్యాసం నాడు మొదలయ్యే సమస్య ఇది. చివరి పేజీ దాకా లూప్ తిప్పి తెచ్చుకోండి.

బిల్డ్ అవుట్‌పుట్‌లో కొత్త పేజీ ఉండి బ్రౌజర్‌లో లేకపోతే ముందున్న సీడీఎన్ చూడాలి. అమెజాన్ సీడీఎన్ అయిన క్లౌడ్‌ఫ్రంట్‌కి కాష్ హెడర్ ఏదీ పంపకపోతే మామూలుగా 24 గంటలు దాచుకుంటుంది. డిప్లాయ్ చివర ఇన్‌వాలిడేషన్ (దాచిన పాత కాపీని పారేయించే) స్టెప్ పెట్టండి. నెలకి మొదటి 1000 పాత్‌లు ఉచితం, సైట్ మొత్తానికి స్టార్ పెట్టినా అది ఒక్క పాత్ కిందే లెక్క.

పొద్దున ఆరింటికి రావాల్సిన వ్యాసం పదకొండున్నరకి వచ్చింది

అయిదున్నర గంటల తేడా కనిపిస్తే టైమ్‌జోన్ అని వెంటనే అనుకోవచ్చు. తేదీ ఫీల్డ్‌లో 06:00 అని టైమ్‌జోన్ లేకుండా సేవ్ అయితే, యూటీసీలో (మనకన్నా అయిదున్నర గంటలు వెనకున్న ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడిచే బిల్డ్ మెషిన్ దాన్ని యూటీసీ ఆరు గంటలనుకుంటుంది. అంటే మనకి 11:30. హ్యూగో లాంటి సైట్ టూల్స్ ఇంకా రాని తేదీ ఉన్న పేజీని మామూలుగా బిల్డ్‌లోనే చేర్చవు. తేదీని ఎప్పుడూ ప్లస్ 05:30 ఆఫ్‌సెట్‌తో సేవ్ చేయించండి.

అది సరిచేసినా ఇంకో చిక్కు ఉంది. రాత్రే పబ్లిష్ నొక్కి పొద్దుటి తేదీ ఇస్తే, ఆరింటికి సీఎంఎస్‌లో కొత్తగా ఏ మార్పూ జరగదు, హుక్ రాదు. సీఎంఎస్‌లోని షెడ్యూల్డ్ పబ్లిష్ వాడితే ఆ టైమ్‌కి పబ్లిష్ ఈవెంట్ వస్తుంది. లేదంటే క్రాన్ (చెప్పిన టైమ్‌కి దానంతటదే నడిచే పని) పెట్టుకోవాలి. గిట్‌హబ్ క్రాన్ మామూలుగా యూటీసీలో నడుస్తుంది, కాబట్టి మన ఆరింటికి 00:30 అని రాయాలి. రద్దీగా ఉన్నప్పుడు ఆలస్యం కూడా అవుతుంది. పబ్లిక్ రిపోలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే గిట్‌హబ్ షెడ్యూల్డ్ వర్క్‌ఫ్లోలను ఆపేస్తుంది. హెడ్‌లెస్ సైట్‌లకి ఇది ప్రత్యేకంగా తగులుతుంది. వ్యాసాలు రోజూ వస్తున్నా కమిట్‌లు (కోడ్ మార్పులు) ఉండవు కదా, రిపో నిద్రపోతున్నట్టే దానికి కనిపిస్తుంది.

బిల్డ్‌లు ఆగకుండా వస్తూనే ఉన్నాయి

హుక్‌లో అన్ని ఈవెంట్లూ టిక్ చేసి ఉంటే కంటెంట్‌ఫుల్‌లో ఆటోసేవ్ కూడా హుక్ పంపుతుంది. ఎడిటర్ టైప్ చేస్తుంటే బిల్డ్‌లు లైన్ కడతాయి. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ ఉచిత ప్లాన్‌లో నెలకి 500 బిల్డ్‌లే, అదీ ఒకసారికి ఒకటి. పబ్లిష్, అన్‌పబ్లిష్, డిలీట్ తప్ప మిగతావి తీసేయండి.

ఒకేసారి ఇరవై ఎంట్రీలు పబ్లిష్ చేసే అలవాటుంటే గిట్‌హబ్‌లో కాంకరెన్సీ గ్రూప్ పెట్టండి. ఒకటి నడుస్తుంటే ఒకటే వెయిటింగ్‌లో ఉంటుంది, కొత్తది వస్తే పాత వెయిటింగ్ రద్దవుతుంది. నడుస్తున్నదాన్ని మధ్యలో ఆపే ఆప్షన్ కూడా ఉంది గానీ దాన్ని ఆన్ చేయమని చెప్పను, అప్‌లోడ్ సగంలో తెగితే సగం కొత్త, సగం పాత పేజీలు మిగులుతాయి.

ఎవరూ పబ్లిష్ చేయకుండానే బిల్డ్‌లు వస్తుంటే, బిల్డ్ స్క్రిప్ట్ తిరిగి సీఎంఎస్‌లో ఏదైనా ఫీల్డ్ రాస్తోందేమో చూడండి. ఆ రాత మళ్లీ హుక్ పంపుతుంది. అది కాకపోతే హుక్ యూఆర్ఎల్ పబ్లిక్ రిపోలోనో, బ్రౌజర్ కోడ్‌లోనో బయటపడి ఉంటుంది. ఆ యూఆర్ఎల్ పాస్‌వర్డ్‌తో సమానం, తెలిసినవాళ్లెవరైనా బిల్డ్ మొదలుపెట్టగలరు. పాతది డిలీట్ చేసి కొత్తది సీక్రెట్‌లలో పెట్టండి.

తీసేసిన వ్యాసం ఇంకా తెరుచుకుంటోంది

పొరపాటున వెళ్లిన వార్తనో, ఒకరి వ్యక్తిగత వివరాలనో తీసేసినప్పుడు ఇది చాలా ముఖ్యం. అన్‌పబ్లిష్, డిలీట్ ఈవెంట్లు హుక్‌లో టిక్ అయి ఉన్నాయా? ఉంటే అప్‌లోడ్ పద్ధతి చూడండి. ఫైళ్లను సర్వర్‌కి పంపే ఎస్3 సింక్‌కి గానీ ఆర్‌సింక్‌కి గానీ డిలీట్ ఆప్షన్ ఇవ్వకపోతే కొత్త ఫైళ్లు ఎక్కిస్తాయే తప్ప పాతవి తీయవు. లిస్ట్‌లో వ్యాసం కనిపించదు, నేరుగా లింక్ తెరిస్తే మాత్రం వచ్చేస్తుంది. డిలీట్ ఆప్షన్ చేర్చేముందు ఒకసారి డ్రై రన్ చేసి ఏమేం పోతాయో చూసుకోండి. ఆ బకెట్‌లోనే (ఎస్3లో ఫైళ్లు ఉండే చోట) ఫొటోల ఫోల్డర్ ఉంటే దాన్ని మినహాయించాలి. ఆ తర్వాత సీడీఎన్ ఇన్‌వాలిడేషన్ ఇచ్చి, ప్రైవేట్ విండోలో పాత లింక్ తెరవండి. 404 రావాలి.