గుంత తగలగానే స్టీరింగ్ ఊగిపోతుంటే

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు దింపి వస్తుంటే, గుంత తగలగానే పికప్ స్టీరింగ్ చేతుల్లో నిలవకుండా ఊగుతోందా? చాలామంది వెంటనే స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ ఊగుడును అణిచే షాకర్ లాంటి ముక్క) మార్పిస్తారు. అది ఊగుడును కొన్నాళ్లు దాస్తుంది, అంతే. లూజు ఎక్కడుందో ముందు చూడండి, పావుగంట పని.

చక్రాలు నేల మీదే ఉండాలి. వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. పవర్ స్టీరింగ్ అయితే ఇంజిన్ ఆన్‌లో ఉంచాలి. ఒకరు స్టీరింగ్‌ను బెత్తెడు అటూ ఇటూ తిప్పుతుంటే, ఇంకొకరు టై రాడ్ ఎండ్లు (ముందు చక్రాలను కలిపే రాడ్ చివరి కీళ్లు), డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రం వైపు వెళ్లే రాడ్), స్టీరింగ్ బాక్స్ బోల్టులు, కమాన్ పట్టీల బుష్‌ల మీద ఒక్కొక్కదాని మీదా చెయ్యి పెట్టి చూడాలి. ఒక ముక్క కదిలి పక్క ముక్క ఆలస్యంగా కదిలితే, టక్‌మని వేలికి తెలుస్తుంది. లూజు ఆ రెండింటి మధ్యే, సరిచేయాల్సింది అదే.

తర్వాత ముందు చక్రం జాకీ మీద లేపి, కింద స్టాండ్ పెట్టి, పైనా కిందా పట్టి ఊపండి. ఆడితే ఒకరిని బ్రేక్ తొక్కమనండి. ఆట పోతే బేరింగ్, పోకపోతే కింగ్ పిన్ లేదా బాల్ జాయింట్ (చక్రం పక్కకు తిరిగే కీలు). రాడ్ ఎండ్ మారిస్తే కొత్త స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా ఆపే పిన్ను) వేసి, టో అలైన్‌మెంట్ (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండకుండా సరిచేయడం) తప్పక చేయించండి.

నున్నటి రోడ్డు మీద కూడా ఒకే స్పీడులో సన్నగా వణికితే ఈ పరీక్షలో ఏమీ దొరకదు, అది టైరు లేదా బ్యాలెన్సింగ్ సంగతి. బ్రేక్ వేసినప్పుడే వణికితే డిస్కులు చూపించండి.