తోటి విశ్వాసిని బలపరచడం – మూడవ పాఠం: చూచినదానిని చెప్పడం

గత పాఠంలో తోటి విశ్వాసి మాట్లాడుతున్నప్పుడు మధ్యలో అడ్డుపడకుండా, వెంటనే వాక్యం అందించాలని తొందరపడకుండా వినడాన్ని అభ్యాసం చేశాం. ఈసారి ఎదుటివారి జీవితంలో దేవుడు చేస్తున్న పనిని గుర్తించి, దానిని వారితోనే చెప్పడం నేర్చుకుందాం. అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయం 19 నుండి 26వ వచనం వరకు నెమ్మదిగా రెండుసార్లు చదివి, బైబిలును తెరిచే ఉంచుకోండి.

ముందుగా ఒక మాట సంగతి తేల్చుకోవాలి. కుప్రలో (నేటి సైప్రస్ ద్వీపంలో) పుట్టిన లేవీయుడైన యోసేపుకు అపొస్తలులు బర్నబా అని పేరు పెట్టారని 4వ అధ్యాయం 36వ వచనం చెబుతుంది. మన తెలుగు బైబిలులో ఆ పేరుకు ఇచ్చిన అర్థం ‘హెచ్చరిక పుత్రుడు’. ఈనాడు హెచ్చరిక అనగానే మనకు తుపాను హెచ్చరికో, తప్పు చేసినవారిని గద్దించడమో గుర్తుకు వస్తుంది. మూలంలోని గ్రీకు మాటకు ధైర్యం చెప్పడం, ఓదార్చడం, బతిమాలడం అనే అర్థాలన్నీ ఉన్నాయి. యోహాను సువార్తలో ‘ఆదరణకర్త’ అని చదివే మాట కూడా ఆ ధాతువు నుండి పుట్టినదే. ‘ఒకనినొకడు హెచ్చరించుచు’ అనే హెబ్రీ పత్రిక 10:25ను తప్పులు ఎంచడానికి దొరికిన అనుమతిగా చదివి, మన సంఘాలలో ఎందరినో నొప్పించాం. అందుకే ఈ ఒక్క మాట దగ్గర ఇంతసేపు ఆగాను.

ఇప్పుడు 11వ అధ్యాయానికి వద్దాం. విశ్వాసం నిమిత్తం రాళ్లతో కొట్టి చంపబడిన స్తెఫను మరణం తర్వాత వచ్చిన శ్రమవల్ల చెదరిపోయిన విశ్వాసులలో కుప్రీయులు, కురేనీయులు కొందరు సిరియలోని అంతియొకయ పట్టణానికి వెళ్లి గ్రీకువారికి కూడా సువార్త ప్రకటించగా, అనేకులు ప్రభువు తట్టు తిరిగారు. ఆ సమాచారం విన్న యెరూషలేము సంఘం బర్నబాను పంపింది. ధర్మశాస్త్రం తెలియనివారు, కొత్తవారు, వేరే ఆచారాలలో పెరిగినవారు ఉన్న ఆ సంఘంలో లోపాలు వెదకదలచినవాడికి అవి కొల్లలుగా దొరికి ఉండేవి. 23వ వచనం చూడండి: అతడు ‘వచ్చి’, దేవుని కృపను ‘చూచి’, ‘సంతోషించి’, ఆ తర్వాతే అందరినీ ‘హెచ్చరించెను’. వాక్యం చివరి క్రియ దగ్గరకు చేరేలోపు మూడు పనులు జరిగాయి. ఈ వరుసను తలకిందులు చేసినప్పుడే మన మాట బరువవుతుంది.

నేను అలా తలకిందులు చేసిన సందర్భం ఒకటి చెప్పాలి. మా గృహ కూడికకు వచ్చే ఒక సహోదరి, తండ్రి పోయిన తర్వాత కొన్ని వారాలు కనిపించలేదు. నేను వాళ్ల గుమ్మం దగ్గరే నిలబడి, “దేవుడున్నాడమ్మా, కూడిక మానకండి, ప్రార్థన చేసుకోండి” అని చెప్పి వచ్చేశాను. చెప్పినదానిలో అబద్ధం లేదు, కానీ నేను ఆమెను చూడనేలేదు. తర్వాతి వారం మా సంఘంలోని ఒక పెద్దావిడ వెళ్లి, వంటింట్లో కూర్చుని, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ దాదాపు గంటసేపు ఉన్నారట. లేచేముందు ఆవిడ అన్న మాటను ఆ సహోదరే నాకు చెప్పింది: “అమ్మా, నీకే ప్రార్థన రావడం లేదంటున్నావు గానీ, రోజూ రాత్రి మీ అమ్మకు కీర్తన చదివి వినిపిస్తూనే ఉన్నావు. ఆ ఓపిక ప్రభువు ఇచ్చిందే.” తనలో ఏమీ మిగలలేదనుకున్న ఆమెకు, మిగిలి ఉన్నదేదో అప్పుడు తెలిసింది.

పెద్దావిడ మాటలో పొగడ్త లేదని గమనించండి. “మీరు చాలా భక్తిపరులు” అంటే వినేవారు సిగ్గుపడతారు, లేదా అతిశయిస్తారు. చూచిన ఒక పనిని, అది జరిగిన చోటును పేర్కొని, దానిని ఇచ్చిన దేవుని వైపు చూపితే మనసు ఆయన మీద నిలుస్తుంది. అలాంటిదేమీ కనబడకపోతే కల్పించవద్దు, ఇంకొకసారి వెళ్లండి.

ఇంకొక జాగ్రత్త. ఆ ఇంట్లో విన్న సంగతి, వారు అడగకుండా, బుధవారం ఉపవాస కూటంలో ప్రార్థన మనవిగా మారకూడదు. పేరు చెప్పకపోయినా చిన్న సంఘంలో అందరికీ తెలిసిపోతుంది.

బర్నబా తాను ఒక్కడే ఆ సంఘానికి చాలునని అనుకోలేదు. సౌలును (తర్వాత పౌలు అని పిలువబడినవాణ్ణి) వెదకడానికి తార్సుకు వెళ్లి, అతణ్ణి తోడుకొని వచ్చాడు. ఇద్దరూ కలిసి ఒక సంవత్సరమంతా బోధించారు. శిష్యులు మొట్టమొదట క్రైస్తవులనబడినది అక్కడే. మీ వల్ల కాని అవసరం ఎదురైతే కాపరినో, అనుభవమున్న సహోదరినో వెంటబెట్టుకుని వెళ్లడం కూడా ఈ విద్యలో భాగమే.

ఈ వారం అభ్యాసం: రెండు ఆదివారాలుగా ఆరాధనకు రాని ఒకరి పేరు నోటుపుస్తకంలో వ్రాసుకోండి. వారిలో మీరు కళ్లారా చూచిన దేవుని కృప ఒక్కటి, ఒకే వాక్యంలో వ్రాయండి. వాక్యం కుదరకపోతే, వారిని మీరు చివరిసారి ఎప్పుడు, ఎక్కడ చూచారో వ్రాయండి. మూడు రోజులు వారి కోసం ప్రార్థించిన తర్వాత, ఫోనులో సందేశం పంపడంతో సరిపెట్టుకోకుండా, వీలైతే ఇంటికి వెళ్లండి.

నాలుగవ పాఠానికి అపొస్తలుల కార్యములు 13:13, 15:36–39, రెండవ తిమోతి 4:11 చదివి రండి. సువార్త ప్రయాణంలో తమను మధ్యలో విడిచి వెళ్లిపోయిన మార్కును పౌలు వద్దన్నాడు, బర్నబా వెంటబెట్టుకున్నాడు. ఒకసారి తప్పిపోయినవారితో ఎలా నడవాలో అక్కడి నుండి మొదలుపెడదాం.