సర్వే ఫ్రేములో శాటిలైట్ గీత పడిందా? తుడిచే ముందు అది ఏ రకమో చూసుకోండి

2019 మేలో స్టార్‌లింక్ మొదటి 60 శాటిలైట్లు పైకి వెళ్లినప్పటి నుంచి ఆకాశ సర్వే (టెలిస్కోపుతో ఆకాశాన్ని పదేపదే ఫొటోలు తీసే పని) డేటా మీద పనిచేసేవాళ్లందరికీ ఒకటే టెన్షన్, రాత్రంతా తీసిన ఫ్రేముల్లో, అంటే ఆ ఫొటోల్లో, ఎన్ని పనికొస్తాయా అని. నన్నడిగితే అడ్డంగా పడిన గీతతో పెద్ద గొడవేం లేదు, అది కంటికి కనిపిస్తుంది కాబట్టి తీసెయ్యొచ్చు. అసలు తలనొప్పి దాని అంచుల్లో మిగిలే మసక వెలుగుతోనూ, గీతలా కనిపించని మెరుపులతోనూ, మాస్క్ వేసేశాం (చెడిన పిక్సెళ్లను లెక్కలోంచి తప్పించేశాం) కదా అన్న ధీమాతో మనం మళ్లీ చూడకుండా వదిలేసేవాటితోనూ. కింది లెక్కలు చిలీలో సెర్రో పచోన్ కొండ మీదున్న వెరా రూబిన్ అబ్జర్వేటరీవి: 8.4 మీటర్ల అద్దం, 3,200 మెగాపిక్సెళ్ల కెమెరా, 30 సెకన్ల ఎక్స్‌పోజర్లు. మీది చిన్న టెలిస్కోపు అయితే అంకెలు మార్చుకోండి, పద్ధతి ఇదే.

సమస్య: ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గీత, పైగా నక్షత్రాల కంటే లావుగా ఉంది

కారణం: తక్కువ ఎత్తు కక్ష్యలో తిరిగే శాటిలైట్. 550 కిలోమీటర్ల ఎత్తులో నడినెత్తిన పోయేది సెకనుకు సుమారు ముప్పావు డిగ్రీ కదులుతుంది, రూబిన్‌కి కనిపించే 3.5 డిగ్రీల ఆకాశాన్ని ఐదు సెకన్లలో దాటేస్తుంది. ఒక్కో పిక్సెల్ మీద దాని వెలుగు పడేది మిల్లీసెకను అటూ ఇటూ, అంతే. మరి లావెందుకంటే, టెలిస్కోపు ఫోకస్ నక్షత్రాల మీద ఉంది, శాటిలైట్ మాత్రం దగ్గరలో ఉంది. అద్దం వ్యాసాన్ని శాటిలైట్ దూరంతో భాగించి చూడండి: 8.4 మీటర్లను 550 కిలోమీటర్లతో భాగిస్తే సుమారు 3 ఆర్క్ సెకన్లు వస్తుంది (డిగ్రీలో 60వ వంతు ఆర్క్ నిమిషం, అందులో 60వ వంతు ఆర్క్ సెకను). వన్‌వెబ్ ఇంటర్నెట్ శాటిలైట్ల లాగా 1,200 కిలోమీటర్ల మీద ఉంటే 1.4 మాత్రమే. అంటే గీత మందం కొలిస్తే అది ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది (దూరం అన్నాను, ఎత్తు కాదు, క్షితిజం దగ్గర రెండింటికీ చాలా తేడా ఉంటుంది). తమిళనాడు కావలూరులోని 1.3 మీటర్ల టెలిస్కోపులో ఇదే మసక అర ఆర్క్ సెకను కూడా దాటదు కాబట్టి గాలి కదలికల మసకలోనే కలిసిపోతుంది, అక్కడ ఈ చిట్కా పనిచేయదు.

పరిష్కారం: గీతను పట్టుకోవడానికి ఫొటోలో సరళరేఖలు వెతికే గణిత పద్ధతులైన హఫ్ ట్రాన్స్‌ఫార్మ్ గానీ రేడాన్ ట్రాన్స్‌ఫార్మ్ గానీ సరిపోతుంది, రూబిన్ పైప్‌లైన్‌లో (డేటాను వరసగా శుద్ధిచేసే సాఫ్ట్‌వేర్‌లో) కూడా హఫ్ రకమే ఉంది. మాస్క్ వెడల్పును మాత్రం ఒక అంకెకు ఫిక్స్ చేసి వదిలేయకండి. గీతకు అడ్డంగా వెలుగు ఎలా పెరిగి తగ్గుతోందో ప్రొఫైల్ తీసి, గీత పొడవునా సగటు చేసి, అది ఆకాశపు నాయిస్‌లో కలిసిపోయే చోటు దాకా మాస్క్ వేయండి. ఒక్కో పిక్సెల్‌లో కనపడని అంచు వెలుగు వేల పిక్సెళ్ల సగటులో బయటపడుతుంది, గెలాక్సీల ఆకారాలు కొలిచే వీక్ లెన్సింగ్ వాళ్ల కొలతలను చెడగొట్టేది ఆ వెలుగే. ఇంకో మాట, మాస్క్ వేసిన చోట విలువలు పూరించకండి. ఏఐతో గీత చెరిపి, వెనక ఏముందో ఊహించి నింపే పద్ధతులు చూడటానికి బాగుంటాయి, పోస్టర్‌కి వాడుకోండి, కొలతకు వద్దు. ఆ పిక్సెళ్లకు ఫ్లాగ్ (గుర్తు) పెట్టి, లెక్కలో వాటి వెయిట్ సున్నా చేస్తే చాలు.

అది ఏ శాటిలైటో తెలుసుకోవాలంటే శాటిలైట్లు ఎప్పుడు ఎక్కడున్నాయో చెప్పే సాట్‌చెకర్‌లో వెతకొచ్చు, లేదా స్కైఫీల్డ్ అనే పైథాన్ లైబ్రరీలో టీఎల్‌ఈ (శాటిలైట్ కక్ష్య వివరాలుండే రెండు వరసల డేటా) వేసి లెక్క కట్టొచ్చు. కాకపోతే టీఎల్‌ఈలో ఒక కిలోమీటరు తేడా ఉండటం మామూలే, 550 కిలోమీటర్ల దూరంలో అది ఆకాశంలో 6 ఆర్క్ నిమిషాలు. పేరు పట్టుకోవడానికి అది చాలు గానీ, మాస్క్ ఎక్కడ వేయాలో చెప్పడానికి చాలదు.

సమస్య: గీత ఒకటే, పక్కన మసక నకళ్లు

కారణం: క్రాస్‌టాక్. రూబిన్ కెమెరాలో 189 సైన్స్ సీసీడీలున్నాయి (వెలుగును పట్టే చిప్‌లు), ఒక్కోదాన్ని 16 యాంప్లిఫయర్లు ఒకేసారి చదువుతాయి, ఒకదాంట్లో బలమైన సిగ్నల్ వస్తే పక్కవాటిలోకి కొంచెం లీక్ అవుతుంది. పక్క యాంప్లిఫయర్ చదివే దిశ తిరగబడి ఉంటే నకలు కూడా అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తుంది, అందుకే కొత్తవాళ్లు దాన్ని రెండో శాటిలైట్ అనుకుంటారు.

పరిష్కారం: క్రాస్‌టాక్ గుణకాలు కొలిచి, ఫ్లాట్ కరెక్షన్ (పిక్సెళ్ల మధ్య స్పందన తేడాలు సరిచేసే మెట్టు) కంటే ముందే తీసేయాలి. శాటిలైట్ 7వ మాగ్నిట్యూడ్ (వెలుగు కొలమానం, అంకె పెరిగేకొద్దీ మసక) కంటే మసకగా ఉంటే ఈ సవరణ బాగానే పనిచేస్తుంది, అంతకంటే మెరిస్తే లీక్ సరళరేఖలో పెరగదు, అప్పుడు నకళ్ల చోట్లను కూడా మాస్క్ చేయడమే దారి. శాటిలైట్లు 7వ మాగ్నిట్యూడ్ కంటే మెరవకుండా చూడమని కంపెనీలను అడగడం వెనక కథ ఇదే. స్టార్‌లింక్ 2020లో నల్ల పూత ప్రయత్నించింది, తర్వాత ఎండకు గొడుగులాంటి వైజర్ పెట్టింది, లేజర్ లింకులకు అడ్డొస్తోందని దాన్నీ తీసేసి ఇప్పుడు వెలుగును భూమి వైపు రాకుండా పక్కకు మళ్లించే అద్దపు ఫిల్మ్ వాడుతోంది. ఇంకోవైపు, 2022లో వెళ్లిన బ్లూవాకర్ 3 అనే ప్రయోగాత్మక శాటిలైట్, దాని 64 చదరపు మీటర్ల యాంటెన్నాతో ఒక దశలో 0.4 మాగ్నిట్యూడ్ దాకా మెరిసింది. ఆ కుటుంబంలో అంతకు మూడు రెట్లకు పైగా పెద్ద బ్లూబర్డ్ బ్లాక్ 2ను 2025 డిసెంబరులో ఇస్రో ఎల్‌వీఎం3 రాకెట్ మీద పంపింది మన శ్రీహరికోట నుంచే. 72 వన్‌వెబ్ శాటిలైట్లు కూడా అక్కడి నుంచే వెళ్లాయి. రాకెట్ వెళ్లినప్పుడు చప్పట్లు కొడతాం, ఫ్రేము తెరిచాక తిట్టుకుంటాం, రెండూ నిజమే.

సమస్య: సిగ్మా క్లిప్పింగ్ పెట్టినా స్టాక్‌లో గీత మిగిలింది

స్టాక్ అంటే ఒకే చోటి చాలా ఫ్రేములు కలిపి చేసిన చిత్రం, సిగ్మా క్లిప్పింగ్ అంటే మిగతావాటికి చాలా దూరంగా ఉన్న విలువలను తీసేయడం. ముందు ఎన్ని ఫ్రేములు కలిపారో చూడండి. సగటు నుంచి 3 సిగ్మా (విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) దాటినవాటిని తీసేసే మామూలు పద్ధతి 10 ఫ్రేములు, అంతకంటే తక్కువ ఉంటే ఒక్క గీతను కూడా ఎప్పటికీ తీయలేదు. గీత ఎంత మెరిసినా అంతే, ఎందుకంటే ఆ ఒక్క విలువే సిగ్మాను కూడా తనతో పాటు పెంచేస్తుంది, 10 విలువల్లో ఒకటి మిగతా తొమ్మిదికి ఎంత దూరం పోయినా సగటు నుంచి 3 సిగ్మాలు దాటదు. ఇది లెక్కల నియమం, సాఫ్ట్‌వేర్ బగ్ కాదు, కాబట్టి దాని మీద టికెట్ వేయకండి.

పరిష్కారం: సగటుకు బదులు మీడియన్ (వరసలో మధ్య విలువ), సిగ్మాకు బదులు ఎంఏడీ (మీడియన్ నుంచి తేడాల మీడియన్) వాడండి. ఇంకా మంచిది, అన్ని ఫ్రేముల పీఎస్ఎఫ్ (చుక్కలాంటి నక్షత్రం ఫొటోలో పరుచుకునే ఆకారం) ఒకేలా చేసి, ఒక్కోదాన్ని మీడియన్ లాంటి స్థిర చిత్రంతో పోల్చి, తేడా వచ్చిన ప్రాంతాలను తీసేసి, ఆ తర్వాత సగటు వేయండి. రూబిన్ స్టాకింగ్ ఈ దారిలోనే పోతుంది.

సమస్య: డిఫరెన్స్ ఇమేజ్‌లో ప్రతి రాత్రీ అదే చోట నల్ల గీత

డిఫరెన్స్ ఇమేజ్ అంటే కొత్త ఫ్రేము నుంచి టెంప్లేట్‌ను (అదే చోటి పాత రిఫరెన్స్ చిత్రాన్ని) తీసేస్తే మిగిలేది. ఆ టెంప్లేట్‌లో గీత ఉండిపోయింది. టెంప్లేట్ మళ్లీ కట్టండి, ఆలోగా వచ్చిన అలర్టుల్లో (ఆకాశంలో ఏదో మారిందని చెప్పే సందేశాల్లో) ఆ గీత మీద పడినవాటిని పక్కన పెట్టండి.

సమస్య: గీత లేదు, ఒక్క ఫ్రేములోనే నక్షత్రంలాంటి చుక్క

కారణం: శాటిలైట్ లేదా అంతరిక్ష చెత్త చదునైన భాగం మీద ఎండ తళుక్కుమన్న క్షణం. ఆ మెరుపు సెకనులో చిన్న భాగమే ఉంటే గీత రాదు, చుక్కే వస్తుంది, కొత్త ట్రాన్సియెంట్ (ఆకాశంలో కొద్దికాలమే మెరిసే వస్తువు) దొరికిందని సంబరపడతాం. 2020లో జీఎన్-జడ్11 అనే అతి దూరపు గెలాక్సీ నుంచి మెరుపు వచ్చిందని పేపర్ వచ్చింది, తర్వాత వేరే బృందం లెక్క కడితే అదే సమయానికి ఒక ప్రోటాన్ రాకెట్ పై దశ అక్కడి నుంచి పోయిందని తేలింది.

పరిష్కారం: అదే రాత్రి అరగంట తర్వాత తీసిన రెండో ఫ్రేములో అది ఉందా చూడండి. చుట్టుపక్కల అలాంటి చుక్కలు ఒకే వరసలో ఉన్నాయా చూడండి, దొర్లుతూ పోయే చెత్త అలాగే పడుతుంది. ఆ దిశలో భూమి నీడ ఎంత ఎత్తు దాకా ఉందో కూడా కట్టండి, తక్కువ కక్ష్యలన్నీ నీడలో ఉంటే అనుమానం ఇంకా పైనున్నవాటి మీదకు పోవాలి. భూస్థిర శాటిలైట్లు నక్షత్రాలతో పోలిస్తే సెకనుకు 15 ఆర్క్ సెకన్లు జరుగుతాయి, 30 సెకన్లలో ఏడున్నర ఆర్క్ నిమిషాల పొట్టి గీత వస్తుంది. గ్రహశకలాలు వెతికేవాళ్లను మోసం చేసేవి ఇవే.

సమస్య: సంధ్య ఫ్రేములే పాడవుతున్నాయి

అమెరికాలోని పాలోమార్‌లో జడ్‌టీఎఫ్ అనే ఆకాశ సర్వేలో 2019 చివర్లో సంధ్యవేళ ఫ్రేముల్లో గీతలున్నవి 0.5 శాతం కంటే తక్కువ, 2021 ఆగస్టుకి 18 శాతం. సూర్యుడికి దగ్గరగా తిరిగే గ్రహశకలాలను వెతకాల్సింది ఆ వేళల్లోనే.

కారణం నీడ లెక్కే. సూర్యుడు క్షితిజానికి 18 డిగ్రీల కిందకు పోయి పూర్తిగా చీకటి పడ్డాక కూడా నడినెత్తిన నీడ సుమారు 330 కిలోమీటర్ల దాకానే ఉంటుంది. 550 కిలోమీటర్ల వాటిని ముంచాలంటే 23 డిగ్రీలు కావాలి, 1,200 వాటికి 33. జూన్ మూడో వారంలో లద్దాఖ్ హాన్లే అబ్జర్వేటరీలో అర్ధరాత్రి కూడా సూర్యుడు 34 డిగ్రీల కంటే కిందకు దిగడు, అంటే అక్కడ వన్‌వెబ్ నడినెత్తిన నీడలో ఉండేది కాసేపే.

పరిష్కారం: సంధ్యలో సూర్యుడికి ఎదురు దిక్కున, వీలైనంత ఎత్తులో తీయగలిగిన పని ముందు పెట్టుకోండి. టెలిస్కోపు ఎప్పుడు ఎటు చూడాలో నిర్ణయించే షెడ్యూలర్‌కే శాటిలైట్ల దారులు ఇచ్చి తప్పించుకోవచ్చు గానీ అది ఊరికే రాదు: సుమారు 40,000 శాటిలైట్లతో రూబిన్‌కి సిమ్యులేషన్ చేసి చూస్తే, గీతలున్న ఫ్రేములు సగానికి తగ్గాలంటే సర్వే సమయంలో 10 శాతం వదులుకోవాల్సి వచ్చింది. సూపర్నోవా వాళ్లకు, వీక్ లెన్సింగ్ వాళ్లకు నేనైతే ఆ 10 శాతం ఇవ్వమని చెప్పను, మాస్క్‌తో నెట్టుకురమ్మంటాను. సంధ్యలో గ్రహశకలాలు వెతికే చిన్న ప్రోగ్రాములకైతే ఆ బేరం పెట్టి చూడొచ్చు, వాళ్లకు మళ్లీ తీసుకునే అవకాశం ఎలాగూ తక్కువ.